ఉల్క వెలుగులో పడుగూ పేకా

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: బెంగళూరు నుంచి ఉత్తరంగా వచ్చే రైలు దారిలో ఒకదాని తర్వాత ఒకటి తగిలే ఈ మూడు ఊళ్లు పటం మీద దాదాపు ఒకే గీతలో ఉంటాయి. సూటిగా కొలిస్తే ఈ కొస నుంచి ఆ కొసకు డెబ్బై కిలోమీటర్లు. పెనుకొండ ఇంచుమించు నడుమ. డిసెంబరు 14 తెల్లవారుజామున పెనుకొండ కోటకు సరిగ్గా పైన, తొంభై కిలోమీటర్ల ఎత్తున ఒక ఉల్క వెలిగిందనుకుందాం. పెనుకొండలో మేలుకుని ఉన్నవాళ్లకు అది నడినెత్తిన కనిపిస్తుంది. హిందూపురంవాళ్లకు ఉత్తరాన, నేల అంచు నుంచి డెబ్బై డిగ్రీలకు కాస్త పైన. ధర్మవరంవాళ్లకు దక్షిణాన, డెబ్బైకి కాస్త కింద. ఈ తేడా ఉంటే చాలు, ఉల్క ఎంత ఎత్తున వెలిగిందో లెక్క కట్టవచ్చు. 1798లో జర్మనీలోని గోటింగెన్‌లో బ్రాండెస్, బెంజెన్‌బర్గ్ అనే ఇద్దరు విద్యార్థులు చేసింది ఇదే. ఒకరికొకరు కొన్ని కిలోమీటర్ల ఎడంగా నిలబడి, ఒకే ఉల్కను ఇద్దరూ చూసి, చుక్కల మధ్య దాని జాడను గుర్తించుకుని, ఎత్తు తేల్చారు. ఉల్క మేఘాల్లో పుట్టే మెరుపు కాదని, వాటికి ఎంతో పైన వెలిగేదని అలా రుజువైంది.

చోటు ఊరిని బట్టి మారుతుంది. వెలుగులోని రంగు మాత్రం మూడు ఊళ్లకూ ఒకటే. ఆ రంగు ఎలా తయారవుతుందో ఒక్కొక్క దశగా చూడాలని ఈ వ్యాసం.

చెప్పదలచింది ముందే చెబుతాను. ఉల్కకు తనదంటూ ఒక రంగు లేదు. రాయి ఇచ్చే వెలుగు కొంత, గాలి ఇచ్చే వెలుగు కొంత. ఆ రెంటి పాళ్లనూ నిర్ణయించేది వేగం. ధర్మవరం మగ్గం మీద పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు పెట్టి నేసిన పట్టుచీర, వెలుతురు పడే తీరును బట్టి మూడో రంగులో మెరుస్తుంది. దగ్గరికి తీసుకుని పోగులు విడదీస్తే ఆ మూడో రంగు ఎక్కడా దొరకదు, రెండే ఉంటాయి. ఉల్క వెలుగూ అలాంటి నేతే. రాయిది పడుగు, గాలిది పేక. ముందు పడుగు సంగతి.

మామూలుగా కంటికి కనిపించే ఉల్క వెనక ఉండేది కొన్ని మిల్లీమీటర్ల రేణువు. ఒక సెంటీమీటరు ఉందంటే చూసినవాళ్లు మరునాడు పదిమందికి చెప్పుకునేంత వెలుగు. ఇంత చిన్నదానికి అంత వెలుగు ఎక్కడిదంటే, వేగంలోంచి. డిసెంబరు ఉల్కలు, అంటే మిథునరాశిలో పునర్వసు నక్షత్రం పక్క నుంచి చిమ్మినట్టు కనిపించే జెమినిడ్‌లు, సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. పెనుకొండ నుంచి ధర్మవరానికి ఒక సెకను పైచిలుకు. నవంబరులో సింహరాశి నుంచి, మఖ నక్షత్రానికి దగ్గర్లోంచి వచ్చే లియోనిడ్‌లు భూమికి ఎదురొచ్చి తగులుతాయి కాబట్టి వాటి వేగం 71 కిలోమీటర్లు: హిందూపురం నుంచి ధర్మవరానికి ఒక్క సెకను. సెకనుకు 35 కిలోమీటర్లు పోయే ఒక కిలో రాయిలో ఉండే గతిశక్తి దాదాపు 61 కోట్ల జౌళ్లు. అదే కిలో రాయిని పూర్తిగా ఆవిరి చేయడానికి ఒక కోటి జౌళ్లు కూడా అక్కర్లేదు. తనను తాను అరవైసార్లకు పైగా ఆవిరి చేసుకోగల శక్తిని రాయి వెంట తెచ్చుకుంటోందన్నమాట.

ఉల్క గాలితో రాసుకుని మండుతుందని బడిలో చదువుకున్నాం. తొంభై కిలోమీటర్ల ఎత్తున జరిగేది అంతకంటే నాజూకైన పని. అక్కడి గాలి సాంద్రత నేల దగ్గరి గాలిలో మూడు నాలుగు లక్షల వంతు. ఒక అణువు మరో అణువుకు తగలకుండా సగటున రెండు మూడు సెంటీమీటర్లు పోగలదు. రేణువు అంతకంటే చిన్నది. అందువల్ల దాని ముందు గాలి పొరగా పోగుపడదు. నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు ఒక్కొక్కటిగా వచ్చి దాని ముఖం మీద గుద్దుకుంటాయి. ప్రతి దెబ్బా పైపొర నుంచి కొన్ని పరమాణువులను ఊడగొడుతుంది, రేణువును కొంత వేడెక్కిస్తుంది. వేడి రెండు వేల డిగ్రీల దరికి చేరేసరికి రాయి కరిగి ఆవిరవుతుంది. రేణువు చుట్టూ, దానికంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఆవిరి మబ్బు కడుతుంది. మనం చూసే వెలుగు ఈ మబ్బుది. ఎర్రగా కాగిన రేణువు ఒంటి నుంచి వచ్చే కాంతి అందులో చాలా చిన్న పాలు. ఆక్సిజన్‌తో కలిసి కాలే మంటకు ఇక్కడ పని లేదు.

ఆవిరిగా లేచిన పరమాణువు ఇంకా రేణువు వేగంతోనే దూసుకుపోతుంటుంది. ఎదురుగా గాలి అణువు. ఢీకొన్న దెబ్బకు పరమాణువులోని ఒక ఎలక్ట్రాన్ తన స్థాయిని వదిలి పై స్థాయికి ఎగురుతుంది. సెకనులో కోటివంతు కూడా గడవకముందే తిరిగి దిగిపోతుంది. దిగేటప్పుడు ఆ రెండు స్థాయిల మధ్య తేడాకు సరిగ్గా సరిపడే శక్తి కాంతిగా బయటికి వస్తుంది. ఈ స్థాయిల ఎడం మూలకానికీ మూలకానికీ వేరు. ఒకే మూలకానికి ఎక్కడైనా ఒకటే. సోడియం ఎలక్ట్రాన్ దిగితే 589 నానోమీటర్ల పసుపు వస్తుంది. పొయ్యి మీద ఉప్పు వేసిన ఎసరు పొంగి నీలిమంట మీద చిందినప్పుడు భగ్గుమని లేచే పసుపు అదే సోడియం, అదే 589. పెనుకొండ మీద తొంభై కిలోమీటర్ల ఎత్తునా వంటింట్లోనూ ఆ సంఖ్య మారదు. ఈ ఖచ్చితత్వం మీదే మిగతా కథంతా నిలబడి ఉంది.

ఇక రాయిలో ఏముందో చూడాలి. 1852 జనవరి 23న నెల్లూరు ప్రాంతంలో ఒక రాయి ఆకాశం నుంచి పడింది. ఉల్కాశిలల పట్టికల్లో అది ఇప్పటికీ నెల్లూరు పేరుతోనే ఉంది. ఇనుము పాలు ఎక్కువగా ఉండే హెచ్ తరగతి రాయి. ఈ తరగతి రాళ్ల బరువులో నాలుగోవంతుకు పైగా ఇనుము, మూడోవంతుకు పైగా ఆక్సిజన్, సుమారు 17 శాతం సిలికాన్, 14 శాతం మెగ్నీషియం ఉంటాయి. కాల్షియం ఒకటింబావు శాతం. సోడియం 0.6 శాతం మాత్రమే. తోకచుక్కలు వదిలే రేణువుల్లోనూ లోహాల పాళ్లు దాదాపు ఇలాగే ఉంటాయి.

ఎక్కువ ఉన్నదే ఎక్కువ వెలుగుతుందని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. వందలో ఒక పాలు కూడా లేని సోడియం ఎన్నో ఉల్కల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కారణాలు రెండు. సోడియం ఎలక్ట్రాన్ పై స్థాయికి ఎక్కడానికి చాలా కొద్ది శక్తి చాలు, కాబట్టి బలహీనమైన దెబ్బకు కూడా అది వెలుగుతుంది. రెండోది, రాయి వేడెక్కగానే అందరికంటే ముందు ఆవిరయ్యేది అదే. పదిహేడు శాతం ఉన్న సిలికాన్ దీనికి పూర్తిగా ఎదురు. వెలుగును రంగులుగా విడదీసిన వర్ణపటంలో దాని ముఖ్యమైన ఎర్ర గీతలు 634.7, 637.1 నానోమీటర్ల దగ్గర ఉన్నాయి; కానీ అవి రావాలంటే ముందు సిలికాన్ పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుని అయాన్ కావాలి, ఆ తర్వాత మరో గట్టి దెబ్బ తగలాలి. నెమ్మదిగా వచ్చే ఉల్కలో అంత దెబ్బ ఉండదు. సిలికాన్ ఉండీ లేనట్టే.

మెగ్నీషియం ఈ రెంటికీ మధ్యన. సోడియానికి కావలసిన శక్తికి దాదాపు రెండున్నర రెట్లు దానికి కావాలి. ఆ శక్తి అందిందంటే 516.7, 517.3, 518.4 నానోమీటర్ల దగ్గర మూడు గీతలు పక్కపక్కనే లేస్తాయి. మూడూ పచ్చనివి. ఆకుపచ్చ ఉల్కను చూడగానే అందులో నికెల్ ఉందనో రాగి ఉందనో చెప్పేస్తుంటారు. వర్ణపటం తీసి చూస్తే ఆ పచ్చదనంలో పెద్ద వాటా ఈ మూడు గీతలదే. వాటి పక్కనే ఉన్న కొన్ని ఇనుప గీతలు తోడవుతాయి.

ఇనుముది వేరే దారి. దాని పరమాణువులో ఇరవై ఆరు ఎలక్ట్రాన్లు, లెక్కలేనన్ని స్థాయిలు. అందుకే అది ఒక రంగు ఇచ్చి ఊరుకోదు. వంకాయ రంగు నుంచి పచ్చ దాకా వందలాది సన్నని గీతలు పరుస్తుంది. అన్నీ కలిసి కంటికి తెలుపుకు దగ్గరి పసిమి. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది చిత్రాల్లో కనిపించే కావిరంగు కూడా ఇనుముదే, ఎర్రమన్నులోని ఇనుప ఆక్సైడ్‌ది. అక్కడ ఇనుప పరమాణువు ఆక్సిజన్‌తో కట్టుబడి స్ఫటికంలో ఒక చోట కుదురుగా ఉంటుంది. పగటి వెలుగులోని నీలాన్ని, పచ్చను మింగి, ఎరుపును వెనక్కి పంపుతుంది. ఆ కట్టు తెగి ఆవిరిలో ఒంటరిగా తిరిగే ఇనుప పరమాణువు సొంతంగా వెలిగితే అందులో ఎరుపు దాదాపు ఉండదు. ఆ గుడి కట్టించిన విరూపణ్ణ కాలపు చిత్రకారుడు అద్దిన ఎరుపుకూ ఉల్కలోని పసిమికీ మూలకం ఒకటే అని తెలిశాక ఆ కప్పును చూసే చూపు మారుతుంది.

కాల్షియం మామూలు పరమాణువుగా 422.7 దగ్గర ఊదా గీత ఇస్తుంది. అయాన్ అయితే కంటి చూపు అంచున, 393.4, 396.8 దగ్గర రెండు బలమైన గీతలు ఇస్తుంది. ఈ రెండు రూపాల మధ్య నిష్పత్తి ఎంతో విలువైనది. వాయువు వేడిని బట్టి ఎంత శాతం పరమాణువులు అయాన్లవుతాయో మేఘనాథ్ సాహా 1920లో సమీకరణం ఇచ్చారు. అది నక్షత్రాల కోసం రాసినది. క్షణంలో ఆరిపోయే ఉల్క వేడిని కొలవడానికీ అదే పనికొచ్చింది.

అలా కొలుస్తూ పోతే ఒక చిక్కు ఎదురైంది. ఒకే ఉల్కలో కొన్ని గీతలు ఒక ఉష్ణోగ్రత చెబుతాయి, మరికొన్ని ఇంకొకటి చెబుతాయి. చెక్ దేశంలోని ఓంద్రెయోవ్ వేధశాలకు చెందిన యిర్జీ బొరోవిచ్కా 1990ల మొదట్లో దీన్ని విడదీశారు. ఉల్క వెలుగులో రెండు భాగాలున్నాయి. ఒకటి సుమారు 4,500 కెల్విన్‌ల దగ్గర ఉంటుంది. సోడియం, మెగ్నీషియం, ఇనుము, మామూలు కాల్షియం ఇందులో వెలుగుతాయి. రెండోది 10,000 కెల్విన్‌ల దగ్గర. అయాన్లుగా మారిన కాల్షియం, మెగ్నీషియం, సిలికాన్ గీతలు అక్కడివి. నడుమ మెల్లగా పెరిగే వేడి కాదు ఇది, రెండు వేర్వేరు వెలుగులు ఒకదానిలో ఒకటి కలిసి ఉండటం. నెమ్మది ఉల్కల్లో రెండోది కనిపించదు. వేగం పెరిగేకొద్దీ బలపడుతుంది.

ఇక పేక. గాలిలో ఐదింట నాలుగు పాళ్లు నైట్రోజన్. అది పరమాణువుగా కాక జంట అణువుగా ఉంటుంది కాబట్టి సన్నని గీతలకు బదులు ఎరుపు వైపున వెడల్పాటి పట్టీలు పరుస్తుంది. ఆక్సిజన్ పరమాణువు 777 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. అది ఎరుపు దాటిన అంచు, కంటికి దాదాపు అందదు కానీ కెమెరాకు బాగా చిక్కుతుంది. గాలి వెలగాలంటే దెబ్బ గట్టిగా ఉండాలి. అందుకని వేగంగా వచ్చే ఉల్కలో గాలి వాటా పెరుగుతుంది, నెమ్మదిగా వచ్చేదాంట్లో రాయి వాటా పెరుగుతుంది.

ఇప్పుడు ఏడాదిలోని ఉల్కాపాతాలను వేగం వరసన పెట్టి చూస్తే రంగులు వాటంతటవే అర్థమవుతాయి. నవంబరు మొదట్లో వృషభరాశి నుంచి, కృత్తికల చుట్టుపక్కల నుంచి వచ్చే టారిడ్‌లు ఎంకె తోకచుక్క వదిలినవి. వేగం సెకనుకు 28 కిలోమీటర్ల లోపే. తీరిగ్గా సాగుతున్నట్టు కనిపిస్తాయి. వెలుగులో సోడియం, ఇనుము ఎక్కువ, పసుపు నారింజ రంగులు. డిసెంబరు జెమినిడ్‌లు నడిమి వేగం. తెల్లని పసుపు, ప్రకాశం హెచ్చినప్పుడు పచ్చ. లియోనిడ్‌లలో వేడి భాగం పూర్తిగా విజృంభిస్తుంది: నీలి తెలుపు నడుమ భాగం, దానికి ఎర్రటి అంచు. 1998 నవంబరులోను, 2001 నవంబరు 18, 19 రాత్రిలోను ఆసియా ఆకాశంలో లియోనిడ్‌లు కురిసినప్పుడు ఆ రంగులు కళ్లారా చూసినవాళ్లు మన ప్రాంతాల్లో ఇంకా చాలామంది ఉన్నారు.

ఒకే ఉల్క తన దారిలోనే రంగు మార్చడం ఇంకో సొగసు. సోడియం ముందే ఆవిరవుతుందని చెప్పుకున్నాం కదా. రేణువు మట్టిగడ్డలా పొడిపొడిగా ఉంటే లోపలి సోడియం కూడా తొందరగా బయటపడుతుంది. అలాంటి ఉల్క వర్ణపటంలో పసుపు గీత ముందుగా మొదలై ముందుగానే ముగుస్తుంది; మెగ్నీషియం పచ్చ గీతలు, ఇనుప గీతలు ఆలస్యంగా మొదలై చివరిదాకా సాగుతాయి. కాల్షియం, అల్యూమినియం లాంటివి మొండి ఘటాలు, ఆవిరవడానికి చాలా వేడి కావాలి. వాటిలో కొంత భాగం వెలగకుండానే మిగిలిపోతుంది. సెకనులోపు ముగిసే ఈ వరుసలో ఏ లోహం వంతు ఎప్పుడు వస్తుందన్నది ముందే నిర్ణయమై ఉంటుంది.

ఈ విషయమంతటిలో నా మనసును అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది లియోనిడ్ దారి మొదట్లో కనిపించే పచ్చదనం. ఫొటోల్లో ఉల్క జాడ పై కొసన పచ్చగా, కిందికి వచ్చేకొద్దీ తెల్లగా, ఎర్రగా ఉంటుంది. ఆ పచ్చ మెగ్నీషియంది కాదు. 557.7 నానోమీటర్ల దగ్గరి ఆక్సిజన్ గీత అది. ధ్రువ ప్రాంతాల్లో ఆకాశం మీద తెరలుగా ఆడే పచ్చని వెలుగూ ఇదే గీత. దీని ప్రత్యేకత తీరికలో ఉంది. మిగతా పరమాణువులు సెకనులో కోటివంతు కూడా ఆగలేకపోతే, ఈ స్థాయిలో ఉన్న ఆక్సిజన్ ముప్పాతిక సెకను దాకా వేచి ఉంటుంది. ఆ మధ్యలో పక్క అణువు వచ్చి తగిలితే శక్తి అక్కడే ఖర్చయిపోతుంది, కాంతి రాదు. అందుకే గాలి మరీ పలచగా ఉండే చోట, నూరు కిలోమీటర్ల పైన మాత్రమే ఈ గీత బతుకుతుంది. అంత ఎత్తున వెలగడం మొదలుపెట్టేది వేగమైన ఉల్కే. రేణువు ముందుకు సాగిపోయాక కూడా వెనక ఒక క్షణం పచ్చగా నిలిచే జాడకు ఈ తీరికే కారణం. ఎక్కడ పచ్చ ఆగిపోయిందో చూస్తే, ఎక్కడ గాలి చిక్కబడిందో తెలిసిపోతుంది.

కొన్ని పెద్ద ఉల్కల వెనక జాడ నిమిషాల తరబడి నిలుస్తుంది. అది మరో పని. ఉల్క చల్లిన సోడియం పరమాణువు ఆ ఎత్తులో ఉండే ఓజోన్‌తో కలిసి సోడియం ఆక్సైడ్ అవుతుంది. ఆ ఆక్సైడ్‌ను ఒక ఒంటరి ఆక్సిజన్ పరమాణువు తగిలి విడగొడుతుంది. విడిపోయిన సోడియం మళ్లీ పసుపు వెలుగు వదులుతుంది. సోడియం ఖర్చు కాలేదు, మళ్లీ మొదటి పనికి సిద్ధం. ఈ చక్రాన్ని సిడ్నీ చాప్‌మన్ 1939లో ప్రతిపాదించారు. ఇనుము కూడా ఓజోన్‌తో కలిసి నారింజ రంగు వెలుగు ఇస్తుందని లియోనిడ్ జాడల వర్ణపటాల్లో తర్వాత తేలింది.

అలా రాలిన సోడియం ఎక్కడికీ పోదు. 80 నుంచి 105 కిలోమీటర్ల ఎత్తుల మధ్య భూమి చుట్టూ ఒక పలచని పొరగా నిలిచి ఉంటుంది. ఘన సెంటీమీటరుకు కొన్ని వేల పరమాణువులు, అంతే. ఆ పొరను కొలిచే పరికరం మన రాష్ట్రంలోనే ఉంది. హిందూపురానికి తూర్పున సుమారు 190 కిలోమీటర్ల దూరంలో, తిరుపతి దగ్గరి గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి సోడియం లైడార్ సరిగ్గా 589 నానోమీటర్లకు శ్రుతి చేసిన పసుపు లేజర్ కాంతిని పైకి పంపుతుంది. తొంభై కిలోమీటర్ల పైనున్న సోడియం దాన్ని అందుకుని అదే రంగులో తిరిగి వెలుగుతుంది. వెనక్కి వచ్చిన ఆ కొద్దిపాటి కాంతిని లెక్కపెట్టి ఏ ఎత్తున ఎంత సోడియం ఉందో చెబుతారు. ఏళ్ల తరబడి రాలిన ఉల్కల పసుపు ఖాతా అది. ఆ ఆవరణలోనే 1,024 యాగీ యాంటెన్నాల ఎంఎస్‌టీ రాడార్ ఉంది. ఉల్క దెబ్బకు పరమాణువుల నుంచి ఊడిన ఎలక్ట్రాన్ల జాడను రేడియో తరంగాలతో పట్టుకోవడానికీ అది వాడతారు. దానికి పగలూ రాత్రీ ఒకటే.

అగ్నిగోళాల దగ్గరికి వస్తే కొలతలు మారతాయి. రాయి పిడికెడో బండెడో ఉంటే అది దట్టమైన గాలిలోకి దిగుతుంది. అక్కడ అణువులు ఒక్కొక్కటిగా తగలవు. ముందున్న గాలి నలిగి, కాగి, రాయి ముందు ఒక గట్టి పొరగా నిలుస్తుంది. ఆవిరి చిక్కబడటంతో గీతలు వెడల్పవుతాయి, వాటి నడుమ ఖాళీలు కూడా వెలుగుతో నిండుతాయి. అందుకే మహా అగ్నిగోళాలు తెల్లగా కళ్లు జిగేల్మనిపిస్తాయి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్‌స్క్ మీద వెలిగింది అలాంటిదే. లోతుకు దిగి వెలుగు చల్లబడేటప్పుడు పరమాణువులు ఆక్సిజన్‌తో జతకట్టడం మొదలవుతుంది. 1991 మే 7న చెక్ దేశం మీద వెలిగిన బెనెషోవ్ అగ్నిగోళం వర్ణపటంలో ఇనుము, కాల్షియం, అల్యూమినియం ఆక్సైడ్‌ల పట్టీలు దొరికాయి. మొదటి రెండూ నారింజ వైపు, మూడోది నీలి పచ్చ వైపు. చివరి దశలో అగ్నిగోళం ఎర్రబారినట్టు కనిపించడంలో ఈ ఆక్సైడ్‌లకూ వాటా ఉంది.

వేగం సెకనుకు మూడు నాలుగు కిలోమీటర్లకు పడిపోయాక ఏ వెలుగూ మిగలదు. ఇరవై ముప్పై కిలోమీటర్ల ఎత్తునే అగ్నిగోళం ఆరిపోతుంది. మిగిలిన రాయి చీకట్లో మామూలు రాయిలా పడుతుంది. 2008 సెప్టెంబరు 12న హొసూరు దగ్గరి సూలగిరిలో పడిన రాయి బరువు నూరు కిలోలకు పైనే. ఇనుము తక్కువగా ఉండే ఎల్‌ఎల్ తరగతిది. చెల్యాబిన్‌స్క్ రాయిదీ అదే తరగతి. అలాంటి రాయి ఒంటి మీద మిల్లీమీటరు మందాన నల్లని పెంకు ఉంటుంది. లోపల బూడిద రంగు. రంగుల కథ నడిచినంతసేపూ ఆ లోపలి భాగానికి వేడి తగలనే లేదు.

ఇంత పని పైన జరిగినా, చివరి మాట కంటిది. రాత్రి చూపుకు వాడే దండకణాలకు రంగు తెలియదు. రంగు తెలిసిన శంకుకణాలు మేల్కొనాలంటే వెలుగు బలంగా ఉండాలి. అందుకే చిన్న ఉల్కలన్నీ తెల్లగానే కనిపిస్తాయి; వాటిలోనూ అదే సోడియం, అదే మెగ్నీషియం. నేల అంచుకు దగ్గరగా వెలిగితే మధ్యలోని దట్టమైన గాలి నీలాన్ని చెదరగొట్టి ఎరుపును మిగులుస్తుంది. రంగును నమ్మాలంటే ఉల్క ఎత్తున ఉండాలి, ప్రకాశంగా ఉండాలి, లేదా కంటికి బదులు వర్ణపటం ఉండాలి.

వర్ణపటం తీసే పనిని మొదలుపెట్టినవాడు అలెగ్జాండర్ హెర్షెల్. ప్రసిద్ధ ఖగోళవేత్త విలియం హెర్షెల్ మనవడు. 1866 ఆగస్టు ఉల్కలను చేతిలో ఇమిడే ప్రిజం పరికరంతో చూస్తూ, జాడల్లో సోడియం పసుపును గుర్తుపట్టాడు. రెండేళ్ల తర్వాత 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం దక్కను మీదుగా వెళ్లినప్పుడు, భారత సర్వే శాఖలో ఉన్న ఆయన తమ్ముడు జాన్ హెర్షెల్ జమఖండిలో వర్ణపటదర్శినితో నిలబడ్డాడు. అదే రోజు మన గుంటూరులో ఫ్రాన్స్‌కు చెందిన జాన్సెన్ సూర్యుడి అంచున లేచే జ్వాలలు వాయువులని అదే పద్ధతిలో నిర్ధారించాడు. ఉల్క వర్ణపటం మొదటిసారి ఫొటోలో పడింది 1897లో, పెరూలోని అరెకిపాలో హార్వర్డ్ వేధశాల నక్షత్రాల కోసం పెట్టిన పలక మీద.

ఈ పనిలో ఒక తెలివైన సౌలభ్యం ఉంది. మామూలు వర్ణపటదర్శినిలో కాంతి ముందు ఒక సన్నని చీలికలోంచి రావాలి. మనకు కనిపించే గీతలు ఆ చీలిక ప్రతిబింబాలు. ఉల్కకు చీలిక అక్కర్లేదు. అదే ఒక సన్నని వెలుగు గీత. కెమెరా కటకం ముందు ఒక గ్రేటింగ్ పలక పెడితే చాలు, ఆ గీత ఒక్కో రంగులో పక్కపక్కన అచ్చుపడుతుంది. మిల్లీమీటరుకు 500 గీతలున్న పలక మెగ్నీషియం పచ్చను అసలు జాడ నుంచి 15 డిగ్రీల పక్కకు, సోడియం పసుపును 17 డిగ్రీల పక్కకు పంపుతుంది. కాబట్టి కటకం వెడల్పాటి దృశ్యాన్ని చూడగలిగేది కావాలి. పలకను తిప్పి పెట్టడంలో కొంచెం ఆలోచన అవసరం. జాడ ఏ దిశలో పరుచుకుంటుందో రంగులూ ఆ దిశలోనే పరుచుకుంటే ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి. మన అక్షాంశంలో డిసెంబరు 14న రాత్రి రెండు గంటల ప్రాంతంలో జెమినిడ్‌ల మూలబిందువు నడినెత్తికి పంతొమ్మిది డిగ్రీల ఉత్తరాన ఉంటుంది. అంటే దక్షిణాకాశంలో ఉల్కలు ఇంచుమించు నిలువుగా కిందికి జారతాయి. పలక మీది గీతలను నిలువుగా ఉంచితే రంగులు అడ్డంగా విడిపోతాయి. వానచాయలో ఉన్న ఈ మూడు ఊళ్ల పరిసరాల్లో, ఊరి దీపాలకు ఎడంగా దక్షిణం వైపు తెరుచుకున్న చోటు వెతుక్కోవడం కష్టం కాదు.

జెమినిడ్‌లనే ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. వాటి మూలం 1983లో ఐరాస్ ఉపగ్రహం కనిపెట్టిన ఫేథాన్ అనే గ్రహశకలం. ఏడాదిన్నర లోపు ఒకసారి సూర్యుణ్ణి చుట్టి వస్తూ, భూమికీ సూర్యుడికీ ఉన్న దూరంలో ఏడోవంతు దగ్గరికి వెళుతుంది. అక్కడ రాయి ఉపరితలం ఏడు వందల డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. దాని నుంచి రాలిన రేణువులదీ అదే దారి. ప్రతి చుట్టులోనూ సూర్యుడి దగ్గర కాగి, రేణువుల్లోంచి సోడియం కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. మెగ్నీషియం, ఇనుము ఆ వేడికి చలించవు. అందుకే వర్ణపటాలు తీసిన జెమినిడ్‌లలో పసుపు గీత ఒకదానిలో బలంగా, మరోదానిలో పీలగా, ఇంకొకదానిలో అసలు లేకుండా కనిపించింది. ఒకే రాత్రి, ఒకే వేగంతో, ఒకే ఎత్తున వెలిగిన రెండు ఉల్కల ఫొటోల్లో 15 డిగ్రీల దగ్గర పచ్చ గీత రెంటిలోనూ ఉండి, 17 డిగ్రీల దగ్గర పసుపు ఒకదానిలోనే ఉంటే, రెండో రేణువులోని సోడియం పెనుకొండ ఆకాశానికి చేరకముందే సూర్యుడి దగ్గర ఖర్చయిపోయిందని చదువుకోవచ్చు.